ఎం.వి.రమణారెడ్డి

ఎం.వి.రమణారెడ్డి (1944 - 2021) రాయలసీమకు చెందిన రచయిత, అనువాదకుడు, వైద్యుడు, రాజకీయ నాయకుడు. కడప జిల్లా ప్రొద్దుటూరు ఈయన స్వస్థలం. 1983లో తెలుగుదేశం పార్టీ అభ్యర్థిగా ప్రొద్దుటూరు నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. అనంతరం రాయలసీమ విమోచన సమితి ద్వారా సాగునీటి కోసం ఉద్యమించాడు.

రచనలు

ఈయన పుస్తకాలలో తరచుగా ప్రస్తావనకు వచ్చేది ''రాయలసీమ కన్నీటిగాథ''. సీమకు నీటి విషయంలో జరిగిన అన్యాయం దీని వస్తువు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా, సీమ నాయకులు కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల వినియోగంలో రాయలసీమ, నెల్లూరులకు పదేళ్ళపాటు ప్రాధాన్యమివ్వాలని అంగీకరించారు. తరువాత మద్రాసు ప్రభుత్వం తలపెట్టిన కృష్ణా-పెన్నా పథకం అమలుకు రాలేదు. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. తుంగభద్ర కర్నూలును ఒరుసుకొని పారుతున్నా, అదే జిల్లాలోని పత్తికొండ, ఆలూరు ప్రాంతాల చేలు ప్రధానంగా వానమీదనే ఆధారపడ్డాయి. సీమ కరవు కేవలం ప్రకృతి వలన కలిగినది కాదనే వాదానికి బలం ఇక్కడే ఉన్నది.

అయితే ఈయనను ప్రాంతీయ సమస్యల రచయితగా మాత్రమే భావించడం పొరపాటు. ''తెలుగు సినిమా స్వర్ణయుగం'' పాత చలనచిత్రాలను గురించినది. ''ఆయుధం పట్టని యోధుడు'' మార్టిన్ లూథర్ కింగ్ జీవితచరిత్ర. ''టూకీగా ప్రపంచ చరిత్ర'' పేరుకు టూకీయే గానీ పలు సంపుటాలుగా సాగింది. ఫ్రెంచి ఖైదీ ఆత్మకథ ''పాపియాన్''ను ''రెక్కలు చాచిన పంజరం''గా, ''గాన్ విత్ ద విండ్'' నవలను ''చివరకు మిగిలింది''గా తెలుగు చేశాడు.