విండోస్‌లో అనుమతి పెట్టె: విస్టా నుంచి విండోస్ 7 దాకా

విండోస్ కంప్యూటర్‌లో ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే అనుమతి అడుగుతూ వచ్చే పెట్టె 2007 జనవరిలో విస్టాతో ఇళ్లకు చేరింది. దాని పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్. 2001 నాటి ఎక్స్‌పీలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏర్పడే ఖాతాలన్నీ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలే. సిస్టమ్ ఫైళ్లను మార్చే అధికారం వాడేవారితో పాటు వాళ్లు తెరిచిన ప్రతి ప్రోగ్రాముకూ దక్కేది. వైరస్ తెరుచుకుంటే దానికీ అంతే. పరిమిత ఖాతా ఉన్నా, చాలా ప్రోగ్రాములు అందులో మొరాయించేవి. డెవలపర్లు అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఉంటాయన్న ధీమాతోనే వాటిని రాశారు మరి.

విస్టా ఈ పద్ధతిని మార్చింది. అడ్మినిస్ట్రేటరే లాగిన్ అయినా ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే మొదలవుతాయి. పూర్తి హక్కులు కావలసినప్పుడు తెర మసకబారి అనుమతి పెట్టె వస్తుంది. ఆ పెట్టె కనిపించేది విడిగా ఉండే సురక్షిత డెస్క్‌టాప్‌పై కాబట్టి, మామూలు ప్రోగ్రాములేవీ వాడేవారి బదులు బటన్ నొక్కలేవు.

రక్షణ బాగానే ఉన్నా, పాత ప్రోగ్రాముల వల్ల పెట్టె పదే పదే వచ్చేది. జనం చదవకుండానే సరే అనడం మొదలుపెట్టారు. కొందరు ఆ సదుపాయాన్నే ఆపేశారు. ఆపిల్ తన టీవీ ప్రకటనలో దీన్ని ఎగతాళి చేసింది. ఈ విసుగు కావాలని కల్పించిందేనని మైక్రోసాఫ్ట్ మేనేజర్ డేవిడ్ క్రాస్ 2008లో ఆర్‌ఎస్‌ఏ భద్రతా సదస్సులో చెప్పాడు. వాడేవారు విసిగితే డెవలపర్లు దారికొస్తారన్నది లెక్క. అది కొంత ఫలించింది. అనుమతి అడిగించే ప్రోగ్రాములు, పనులు 7,75,312 నుంచి 1,68,149కి తగ్గాయని ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7 నాలుగు స్థాయిల స్లైడర్‌ను ఇచ్చింది. దాని డిఫాల్ట్ స్థాయిలో, వాడేవారు స్వయంగా విండోస్ సెట్టింగులు మారిస్తే ప్రశ్న రాదు. ఇతర ప్రోగ్రాములు పూర్తి హక్కులు కోరితేనే వస్తుంది. ఈ వెసులుబాటులోని లొసుగు బీటా దశలోనే బయటపడింది. వాడేవారి తరఫున మీటలు నొక్కినట్టు నటించే చిన్న స్క్రిప్టు ఒకటి, ఏ ప్రశ్నా రాకుండానే యూజర్ అకౌంట్ కంట్రోల్‌ను ఆపేయగలిగింది. విమర్శలు రావడంతో, స్లైడర్‌ను మార్చాలంటే అనుమతి తప్పనిసరి చేశారు. అయినా విండోస్ సొంత ప్రోగ్రాములు కొన్ని అడగకుండానే పూర్తి హక్కులు పొందే వీలు మిగిలింది. తర్వాతి ఏళ్లలో మాల్‌వేర్ రాసేవాళ్లు పెట్టెను తప్పించుకోవడానికి ఆ ప్రోగ్రాములనే వాడుకున్నారు. స్లైడర్‌ను పై స్థాయికి జరిపితే అలాంటి దారులు చాలావరకు మూసుకుపోతాయి. ప్రశ్నలు మాత్రం విస్టా రోజుల్లోలాగే పెరుగుతాయి.