మాటలు రాని బిడ్డ, మాటలు పడే తల్లి: అతిఫ్ రహమాన్ పరిశోధన

మూడేళ్లొచ్చినా బిడ్డ మాట్లాడకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, ఇంట్లో ముందుగా మాట పడేది తల్లే. ఫోన్ ఇచ్చి పాడుచేసిందని ఒకరంటారు, నజర్ తగిలిందని ఇంకొకరంటారు. నిజానికి ఆటిజం తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు. మెదడు ఎదుగుదలలో చిన్నప్పటి నుంచీ ఉండే తేడా అది. బ్రిటన్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీ చైల్డ్ సైకియాట్రీ ప్రొఫెసర్ అతిఫ్ రహమాన్ చేసిన పనిలో తల్లిని తప్పుపట్టడం ఉండదు. ఆమెకు ఎవరు, ఎలా సాయం చేయగలరన్నదే అందులో అసలు ప్రశ్న.

మొదట ఆయన చూసింది ఆటిజం కాదు, బాలింతల దిగులు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో డిప్రెషన్ ఉన్న 160 మంది తల్లులను, లేని 160 మందిని, వాళ్ల పిల్లలను ఏడాదిపాటు గమనించారు. డిప్రెషన్ ఉన్న తల్లుల పిల్లల్లో ఎదుగుదల తగ్గడం, విరేచనాలు ఎక్కువగా కనిపించాయి. 2004లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

సరే, అక్కడ సైకియాట్రిస్టులు ఎక్కడ దొరుకుతారు? అందుకే మన ఆశా కార్యకర్తల్లాంటి 'లేడీ హెల్త్ వర్కర్ల'కే శిక్షణ ఇచ్చారు. కాన్పుకు ముందు నెల నుంచి మొత్తం 16 సార్లు ఇంటికెళ్లి తల్లితో మాట్లాడటమే చికిత్స. 903 మంది తల్లులతో జరిపిన ఈ ట్రయల్ 2008లో లాన్సెట్‌లో వచ్చింది. ఆరు నెలలకు, ఈ చికిత్స అందిన తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, మిగతావాళ్లలో 53 శాతం మందికి. పిల్లల బరువు, ఎత్తుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విరేచనాలు తగ్గాయి, టీకాలు ఎక్కువమందికి పడ్డాయి, తండ్రులు కూడా పిల్లలతో ఎక్కువగా ఆడారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని తన మాన్యువల్‌గా తెచ్చింది. తర్వాత ఇదే పనిని మామూలు ఆడవాళ్లతో చేయించినప్పుడు వాళ్లను గోవాలో 'సఖి' అన్నారు, రావల్పిండిలో 'రజాకార్' అన్నారు. హైదరాబాద్‌లో ఆ మాట వింటే ఉలిక్కిపడతారు గానీ, ఉర్దూలో దానికి స్వచ్ఛంద సేవకులు అనే అర్థం.

ఆటిజం విషయంలోనూ ఇదే దారి పట్టారు. బ్రిటన్‌లో జొనాథన్ గ్రీన్ బృందం తయారుచేసిన పద్ధతిని దక్షిణాసియాకు తగ్గట్టు మార్చి, 'పాస్' అనే పేరుతో గోవాలోనూ రావల్పిండిలోనూ పరీక్షించారు. గోవా వైపు గౌరీ దివాన్, విక్రమ్ పటేల్ ఉన్నారు. చికిత్స చేసింది స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు. తల్లో తండ్రో బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీస్తారు, తర్వాత దాన్ని వాళ్లతో కలిసి చూస్తారు. ఉదాహరణకు, బిడ్డ బొమ్మకారు తిప్పేసి చక్రమే తిప్పుతున్నాడనుకోండి. మనమైతే "అలా కాదు బేటా, ఇలా నడపాలి" అని లాక్కుంటాం. ఇక్కడ నేర్పేది దానికి ఉల్టా: కాసేపు ఆగు, వాడు చూసేదే చూడు, "చక్రం తిరుగుతోంది" అని చిన్న మాట చెప్పు, వాడి వంతు కోసం మళ్లీ ఆగు. ఇలాంటివి 12 సెషన్లు.

2016లో లాన్సెట్ సైకియాట్రీలో ఫలితాలొచ్చాయి. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 65 మంది. వాళ్లలో 32 మందికి ఈ సెషన్లు ఇవ్వగా 26 మంది పూర్తిచేశారు. తల్లిదండ్రులు బిడ్డ తీరుకు తగ్గట్టు స్పందించడం బాగా పెరిగింది. బిడ్డ తనంతట తాను పలకరించడం కూడా పెరిగింది. కానీ ఇద్దరూ కలిసి ఒకే వస్తువుపై ధ్యాస పెట్టే సమయం తగ్గింది. అదీ దాచకుండా రాశారు. 65 మందితో చేసిన చిన్న ట్రయల్ ఇది, పైగా ఆటిజాన్ని పోగొట్టే మందు కాదు. "ఆరు నెలల్లో నయం" అని బోర్డు పెట్టే చోట్ల డబ్బు కట్టే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

మన దగ్గర అవసరం తక్కువేమీ కాదు. దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 3,964 మందిని పరిశీలించిన సర్వే 2018లో వచ్చింది. అందులో హైదరాబాద్ ఒకటి. ఆటిజం, వినికిడి లోపం, మూర్ఛ లాంటి తొమ్మిది సమస్యల్లో ఏదో ఒకటి దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఉందని తేలింది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. జిల్లాల్లో సర్కారీ డీఈఐసీ కేంద్రాలున్నాయి. బిడ్డను తీసుకెళ్లేటప్పుడు ఇంట్లో వాడు మామూలుగా ఆడుకుంటున్న రెండు మూడు నిమిషాల వీడియో ఫోన్‌లో పెట్టుకెళ్లండి. కొత్త చోట బిడ్డ బెదిరిపోయి ఏమీ చేయకపోయినా, డాక్టర్‌కు చూపించడానికి అది పనికొస్తుంది.