వజూ మషీన్ నుంచి కాస్పర్ దాకా



మా ఆపా కొడుక్కి 18 ఏళ్లు. ఆటిజం ఉంది. ఐదు పూటలా వజూ వేళ ఆపా ఒక్కొక్కటీ చెప్పాలి. “చేతులు కడుక్కో బేటా... ఇప్పుడు కుల్లీ చెయ్... ఇప్పుడు మొహం.” ఎవరైనా మరీ దగ్గరికొస్తే మాత్రం వాడికి ఘాబ్రా. మొన్న ఆపా అడిగింది: “నా తర్వాత వీనికి ఎవరు యాది చేస్తరు?”

ఆ సవాల్‌కి జవాబ్ వెతుకుతూ తారీఖ్ తిరగేస్తే ముందుగా దొరికింది అల్ జజరీ. ఈనాటి తుర్కియేలోని దియార్‌బకర్‌లో, అర్తూఖీ పాలకుల దర్బారులో ఇంజనీరు. 1206లో తన మషీన్ల కితాబు పూర్తి చేశారు. వజూ చేసేటప్పుడు నౌకర్లు చేతుల మీద నీళ్లు పోయడం బాద్షా మలిక్ సాలిహ్‌కి నచ్చేది కాదని, అందుకే నీళ్లు పోసే బొమ్మను తయారు చేశానని అందులో రాసుకున్నారు.

ఆయనదే ఇంకో తొట్టి ఉంది. నెమలి ముక్కులోంచి నీళ్లు పడతాయి. వాడిన నీళ్లు కింద చేరేకొద్దీ లోపలి బెండు పైకి లేస్తుంది. తలుపు తెరుచుకుని సబ్బు పట్టుకున్న బొమ్మ వస్తుంది. కాసేపటికి తువ్వాలు పట్టుకున్న బొమ్మ. ఒక పని అయ్యాకే రెండోది. గుస్సా లేదు, జల్దీ లేదు. అది చదువుతుంటే నాకు మా ఆపా సబర్ యాదికొచ్చింది.

ఆటిజం హాలత్‌ని అమెరికాలో లియో కన్నర్ 11 మంది పిల్లల్ని చూసి 1943లో వివరంగా రాశారు. 1976లో ఎడిన్‌బరోలో సిల్వియా వీర్, రికీ ఇమాన్యుయెల్ ఆటిజం ఉన్న ఒక పిల్లవాడికి నేల మీద తిరిగే తాబేలు రోబోను ఇచ్చారు. దాన్ని నడిపిస్తూ వాడు చుట్టూ ఉన్నవాళ్లతో కలవసాగాడు.

2005లో ఇంగ్లండ్‌లోని హర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీలో కెర్‌స్టిన్ డౌటెన్‌హాన్ బృందం కాస్పర్‌ని తయారు చేసింది. పిల్లవాడంత రోబో. మన మొహాలు క్షణక్షణం మారతాయి, ఆటిజం ఉన్న చాలామందికి వాటిని చదవడం ముష్కిల్. కాస్పర్ మొహం సాదాగా ఉంటుంది. చక్కిలిగింతలు పెడితే నవ్వుతుంది, గట్టిగా కొడితే నొప్పి అంటుంది. దువ్వెనతో, టూత్‌బ్రష్‌తో రోజువారీ పనులు ఆటగా నేర్పుతుంది. మఖ్సద్ మాత్రం ఒక్కటే: ఆ పిల్లవాణ్ణి మనుషుల దగ్గరికి తేవడం.

2018లో అచ్చయిన యేల్ యూనివర్సిటీ పరిశోధనలో 12 మంది పిల్లల ఇళ్లలో నెలపాటు, రోజుకు 30 నిమిషాలు రోబోతో ఆడించారు. రోబో పక్కన లేనప్పుడు కూడా పెద్దలతో చూపు కలపడం మెరుగైంది.

ఇంకో కిస్సా కూడా వినండి. 2020లో అమెరికాలో మాక్సీ అనే దోస్త్ రోబో వచ్చింది. దాని దిమాగంతా కంపెనీ సర్వర్లలోనే. 2024 డిసెంబరులో, పైసలు దొరక్క మూసేస్తున్నామని కంపెనీ చెప్పేసింది. రోజూ దానితో గుఫ్తగూ చేసే పిల్లలకు అమ్మీఅబ్బాలు ఏమని చెప్పాలి?

అందుకే ఆపాతో అన్నాను: యాది చేసే పని మషీన్‌కి ఇద్దాం. బాద్షాకి దక్కిన ఆ సహూలత్ మన వాడికెందుకు దక్కొద్దు? కానీ వాడి తన్హాయిలో మన హిస్సా కూడా ఉంది. సాయా పట్టిందని తమ పిల్లల్ని వాడి దగ్గర్నుంచి లాక్కెళ్లేవాళ్లు మన మొహల్లాలోనే ఉన్నారు. జుమ్మా రోజు సఫ్‌లో వాడి పక్కన నిలబడి, సలాం చెప్పి, జవాబ్ రాకపోయినా వచ్చే జుమ్మాకి మళ్లీ చెప్పేవాళ్లు కావాలి.

మీ మస్జిద్‌లో అలాంటి బచ్చా ఉంటే ఈ జుమ్మాకే మొదలుపెట్టండి.