ఏ ప్రతిని చూశాం? – విడుదల తర్వాత మారిన చలనచిత్రాలు

కొన్నేళ్ల క్రితం అసైన్‌మెంట్లు దిద్దుతూ ఒక విద్యార్థి రాసిన పేరా దగ్గర ఆగిపోయాను. ‘మాయాబజార్’ చిత్రంలో శశిరేఖ కట్టిన చీరల రంగులను బట్టి 1950ల నాటి తెలుగువారి వర్ణాభిరుచిని అంచనా వేయవచ్చునని ఆ విద్యార్థి వాదన. పరిశీలన శ్రద్ధగానే సాగింది, భాష కూడా బాగుంది. చిక్కల్లా ఒక్కటే. 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్ నలుపు తెలుపు చిత్రం. విద్యార్థి చూసింది 2010 జనవరిలో విడుదలైన రంగుల ప్రతి. ఆ రంగులను ఎంచినవారు ఈ కాలపు కంప్యూటర్ నిపుణులు. దర్శకుడు కె.వి.రెడ్డి గానీ, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ గానీ ఆ రంగులను చూడలేదు. అప్పటికి ఇద్దరూ జీవించి లేరు.

మార్కులు తగ్గించాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. తప్పు ఆ విద్యార్థి ఒక్కరిదే అనలేం. శాసనాన్ని గురించి చెప్పేటప్పుడు రాయి ఎక్కడ దొరికిందో చెబుతాం. తాళపత్రం గురించి చెప్పేటప్పుడు ఏ భాండాగారంలోని ప్రతి అని అడుగుతాం. సినిమా దగ్గరికి వచ్చేసరికి పేరు చెప్పి ఊరుకుంటాం. ఒక పేరు కింద ఒకే సినిమా ఉంటుందనే నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది.

పుస్తకాల విషయంలో మనకు ఈ భ్రమ లేదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని బాగా పెంచి, తిరగరాసి రెండో కూర్పు వెలువరించారు. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ ఎక్కువగా రెండోదే. అయినా మొదటి కూర్పు మాయమైపోలేదు. అచ్చయిన ప్రతులు కొన్ని పాఠకుల ఇళ్లలో, గ్రంథాలయాల్లో నిలిచాయి కాబట్టి, పరిశోధకులు రెంటినీ పక్కపక్కన పెట్టి రచయిత ఆలోచన ఎలా ఎదిగిందో చూడగలుగుతున్నారు. రెండో కూర్పు వెలువరించడానికి మొదటి కూర్పును ఇంటింటికీ వెళ్లి వెనక్కి తీసుకునే అవకాశం గురజాడకు లేదు. ఆ ఉద్దేశమూ ఆయనకు ఉన్నట్టు కనబడదు. సినిమా హక్కుదారుకు ఆ అవకాశం చాలావరకు ఉంది. ఈ తేడాను మనసులో ఉంచుకుని ముందుకు వెళదాం.

రంగుల వివాదం

విడుదలైన చిత్రాలను మార్చవచ్చునా అనే చర్చ పెద్ద ఎత్తున జరిగింది 1980ల అమెరికాలో. 1986లో టెడ్ టర్నర్ ఎం.జి.ఎం. స్టూడియోను కొని, తర్వాత ఇతర ఆస్తులు చాలావరకు అమ్మివేసినా పాత చిత్రాల భాండాగారాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. నలుపు తెలుపు చిత్రాలకు రంగులద్ది టెలివిజన్‌లో చూపితే ప్రేక్షకులు పెరుగుతారని ఆయన లెక్క. 1941 నాటి ‘ది మాల్టీజ్ ఫాల్కన్’కు కూడా అలాగే రంగులు వేశారు. దర్శకుడు జాన్ హ్యూస్టన్ అప్పటికి వృద్ధుడు, ఆరోగ్యం బాగాలేదు. అయినా బహిరంగంగా నిరసన తెలిపాడు. చట్టం మాత్రం ఆయన పక్షాన లేదు. అమెరికాలో హక్కు స్టూడియోది. స్టూడియోను కొన్నవాడికి హక్కు కూడా వస్తుంది.

హ్యూస్టన్ 1987లో మరణించాడు. ఆయన తీసిన మరో చిత్రం ‘ది యాస్ఫాల్ట్ జంగిల్’ రంగుల ప్రతిని ఫ్రాన్సులో ఒక టెలివిజన్ సంస్థ ప్రసారం చేయబోగా వారసులు అక్కడి న్యాయస్థానాలకు వెళ్లారు. 1991 మే 28న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. రచన రూపాన్ని కాపాడుకునే నైతిక హక్కు కర్తదనీ, అమెరికాలో తీసిన చిత్రానికి కూడా ఫ్రాన్సులో అది వర్తిస్తుందనీ ఆ తీర్పు సారం. ఒకే దర్శకుడు, ఒకే తరహా మార్పు. సముద్రం ఇవతల తప్పు, అవతల ఒప్పు.

ఈ గొడవల మధ్యనే 1988 మార్చిలో అమెరికా కాంగ్రెస్ సంఘం ముందు కొందరు దర్శకులు వాంగ్మూలం ఇచ్చారు. వారిలో జార్జ్ లూకాస్ ఒకడు. ఆయన చెప్పిన దాని తాత్పర్యం ఇది: సినిమా జాతి వారసత్వం, రేపటి యంత్రాలు పాత నటుల స్థానంలో కొత్త ముఖాలు పెట్టగలవు, మాటలు మార్చగలవు, కాబట్టి అసలు రూపాన్ని చట్టం కాపాడాలి. ఆ సంవత్సరమే చలనచిత్ర పరిరక్షణ చట్టం వచ్చింది. ముఖ్యమైన చిత్రాలను ఏటా ఎంపిక చేసే జాతీయ పట్టిక ఏర్పడింది. 1989 నాటి తొలి పట్టికలో ఉన్న 25 చిత్రాల్లో ‘ది మాల్టీజ్ ఫాల్కన్’ ఒకటి. లూకాస్ తీసిన ‘స్టార్ వార్స్’ మరొకటి.

లూకాస్ తన చిత్రాన్ని మార్చిన తీరు

స్టార్ వార్స్ 1977 మే 25న విడుదలైంది. 1981లో తిరిగి విడుదల చేసినప్పుడు ఇది నాలుగో భాగమని తెలిపే ఉపశీర్షికను మొదట్లో చేర్చారు. అది చిన్న మార్పు. పెద్ద మార్పులు ఇరవయ్యేళ్ల సందర్భంగా 1997లో వచ్చాయి. కంప్యూటర్‌తో తయారుచేసిన జంతువులు, వాహనాలు, 1977లో పక్కన పెట్టిన ఒక సన్నివేశం చేరాయి. ప్రేక్షకులను ఎక్కువ బాధపెట్టింది మాత్రం కొన్ని క్షణాల మార్పు. పానశాలలో హాన్ సోలో అనే దొంగరవాణా వ్యాపారి తనను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడోను 1977లో తానే ముందు కాల్చి చంపుతాడు. 1997లో గ్రీడో ముందు కాలుస్తాడు, గురి తప్పుతుంది, అప్పుడు సోలో కాలుస్తాడు. స్వార్థపరుడు క్రమంగా మంచివాడిగా మారడమే ఆ పాత్ర కథ. మొదటి తూటా ఎవరిదన్నది మారితే కథ మొదలయ్యే చోటు మారిపోతుంది.

ఈ కొత్త కూర్పు కోసం అసలు నెగెటివ్‌లోనే ముక్కలు తీసి కొత్త ముక్కలు అతికించారు. చరిత్ర విద్యార్థి దృష్టిలో ఇది పానశాల సన్నివేశం కంటే పెద్ద విషయం. కొత్త ప్రతిని పాతదాని పక్కన పెట్టలేదు, పాతదాని స్థానంలో పెట్టారు.

మార్పులు అక్కడితో ఆగలేదు. మూడో చిత్రం చివర 1983లో సెబాస్టియన్ షా నటించిన రూపం కనిపిస్తుంది. ఆయన 1994లో మరణించాడు. 2004 డీవీడీలో ఆయన ముఖం తీసి, ఆ పాత్రను యువకుడిగా తర్వాతి చిత్రాల్లో నటించిన హేడెన్ క్రిస్టెన్సన్‌ను పెట్టారు. కొత్త ముఖాల గురించి 1988లో హెచ్చరించినవాడే ఆ పని చేశాడు. 2011 బ్లూరేలో కొన్ని మాటలు చేరాయి. 2019లో డిస్నీ స్ట్రీమింగ్ సేవ మొదలైన రోజున చూస్తే గ్రీడో నోట మరో కొత్త మాట వినిపించింది.

లూకాస్ వాదనను కూడా న్యాయంగా వినాలి. 1977లో డబ్బు, సమయం చాలక తాను ఊహించినది పూర్తిగా తీయలేకపోయాననీ, కర్తగా దాన్ని పూర్తిచేసుకునే అధికారం తనదనీ ఆయన అంటాడు. టర్నర్ ఇతరుల చిత్రాలు మార్చాడు, తాను తన చిత్రాన్నే మార్చుకున్నాడు. ఈ తేడా నిజమైనదే. గురజాడకు ఇచ్చిన అధికారం లూకాస్‌కు ఇవ్వనని నేను అనను. నా అభ్యంతరం మార్చడం మీద కాదు, మొదటిది అందకుండా చేయడం మీద. 2006లో మొదటి కూర్పులను డీవీడీ అనుబంధంగా ఇచ్చారు గానీ, అవి 1993 నాటి లేజర్‌డిస్క్ కోసం చేసిన ప్రతి నుంచి తీసినవి, నాణ్యత తక్కువ.

వేరేలా చేయవచ్చుననడానికి ఉదాహరణలున్నాయి. రిడ్లీ స్కాట్ ‘బ్లేడ్ రన్నర్’ను 1982 తర్వాత చాలాసార్లు సవరించాడు, 2007లో చివరి కూర్పుతో పాటు ముఖ్యమైన పాత కూర్పులు ఒకే డిస్క్ పెట్టెలో దొరికాయి. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2002లో ‘ఇ.టి.’ చిత్రంలో పోలీసుల చేతుల్లోని తుపాకులు తీసేసి వాకీటాకీలు పెట్టాడు. తర్వాత పొరపాటు చేశానని ఒప్పుకొని, 2012 బ్లూరేలో 1982 నాటి రూపాన్నే ఇచ్చాడు.

మళ్లీ మాయాబజార్

మన దగ్గర రంగులద్దడం అపచారంగా కాక ఉత్సవంగా జరిగింది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ మాయాబజార్‌కు రంగులు వేసి, ధ్వనిని ఆధునిక పద్ధతిలోకి మార్చింది. కొత్త తరం పిల్లలు థియేటర్‌కు వెళ్లి ఘటోత్కచుణ్ణి చూశారు. ఆ మేలు కాదనలేం. కానీ నిడివి తగ్గించడానికి కొన్ని పాటలు, పద్యాలు తొలగించారు. రంగు గురించి అందరూ మాట్లాడారు, పద్యం పోయిన సంగతి అంతగా పట్టించుకోలేదు. పద్యనాటకం నుంచి తెలుగు సినిమా ఎలా పుట్టుకొచ్చిందో అధ్యయనం చేసేవారికి రంగు కంటే పద్యమే ముఖ్యం. బార్ట్‌లీ తన వెన్నెలను తెలుపుకీ నలుపుకీ మధ్యనున్న బూడిద ఛాయలతో సృష్టించాడు. దానికి నీలం పూస్తే అది మరొకరి వెన్నెల. అదృష్టవశాత్తు నలుపు తెలుపు ప్రతి కూడా మనకు దొరుకుతోంది.

2025 ఆగస్టులో ‘రాంఝణా’ తమిళ అనువాదం ‘అంబికాపతి’ని హక్కుదారు సంస్థ కృత్రిమ మేధతో ముగింపు మార్చి, విషాదాంతాన్ని సుఖాంతం చేసి విడుదల చేసింది. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, నటుడు ధనుష్ వ్యతిరేకించారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం చలనచిత్రానికి కర్త నిర్మాతే. హ్యూస్టన్ ఎదుర్కొన్న గోడ ఇక్కడా ఉంది.

చేతిలో ఉన్న ప్రతి

ఇప్పుడు డిస్కుల సంగతికి వద్దాం. 1971లో విడుదలైన ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందింది. అందులో కథానాయకుడైన పోలీసు అధికారి నల్లజాతివారిని కించపరిచే మాట అంటాడు. 2023లో కొన్ని స్ట్రీమింగ్ సేవల్లో ఆ భాగం కనిపించకుండా పోయింది. ముందుగా ప్రకటన ఏదీ లేదు, చూస్తున్నవారే గమనించారు. ఆ మాట వినడానికి ఎవరికీ బాగుండదు. అయితే ఆనాటి న్యూయార్క్ పోలీసుల్లోని జాతి ద్వేషాన్ని చూపే సాక్ష్యాల్లో అదొకటి. పాత డిస్క్ ఉన్నవారి దగ్గర ఆ సాక్ష్యం అలాగే ఉంది.

డిస్క్ కొన్నవారు దాన్ని దాచుకోవచ్చు, మరొకరికి ఇవ్వవచ్చు. స్ట్రీమింగ్ దుకాణంలో ‘కొనండి’ అనే మీట నొక్కినప్పుడు మాత్రం దొరికేది సాధారణంగా చూసేందుకు అనుమతి, అంతే. ఈ సంగతి కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది.

చెల్లాచెదురుగా ఉన్న ప్రతుల విలువకు ‘మెట్రోపోలిస్’ మంచి ఉదాహరణ. 1927లో బెర్లిన్‌లో విడుదలైన కొద్ది నెలలకే ఆ చిత్రాన్ని బాగా కత్తిరించారు. తొలగించిన భాగం శాశ్వతంగా పోయిందని ఎనభయ్యేళ్లు అనుకున్నారు. 2008లో అర్జెంటీనాలోని బ్వేనస్ ఐరిస్ సినిమా మ్యూజియంలో, ఒకప్పుడు ఒక సేకర్త దగ్గరున్న ప్రతి నుంచి తీసిన 16 మిల్లీమీటర్ల నకలు బయటపడింది. నిండా గీతలు. అయినా దాదాపు పాతిక నిమిషాల చిత్రం తిరిగి వచ్చింది.

డిస్కులను మరీ నెత్తికెత్తుకోనవసరం లేదు. మన తెలుగు వీసీడీలు చూసినవారికి తెలుసు: మూలన కంపెనీ గుర్తు, రెండు డిస్కుల్లో పట్టడానికి ఎగరగొట్టిన పాట, అతుకుల దగ్గర మింగేసిన మాట. అమెరికాలో తెలుగు కుటుంబాలు కిరాణా దుకాణాల్లో అద్దెకు తెచ్చుకున్న వీడియో క్యాసెట్లదీ అదే స్థితి. పైగా డిస్కులు పాడవుతాయి, వాటిని ఆడించే యంత్రాలు అరుదవుతున్నాయి. భౌతిక ప్రతి ఉన్నంతమాత్రాన అది మూలప్రతి అయిపోదు. ఒక తేదీన ఆ చిత్రం ఏ రూపంలో జనం చేతికి చేరిందో చెప్పే సాక్షి అది. సాక్షులు ఎంతమంది ఉంటే పోల్చి చూడడానికి అంత వీలు.

పోల్చడానికి మనకు మరో సాధనం ఉంది. ఆ రోజుల్లో థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో కథాసంగ్రహం, నటీనటుల పేర్లు, పాటలు, పద్యాలు వరుసగా ఉండేవి. సెన్సారు ధ్రువపత్రంలో చిత్రం నిడివి ఉంటుంది. మీ దగ్గరున్న ప్రతి దానికంటే బాగా తక్కువ నిడివిలో ఉంటే ఏదో పోయిందని అర్థం. ఏం పోయిందో పాటల పుస్తకం కొంతవరకు చెబుతుంది. పాత పుస్తకాల అంగళ్లలో అవి ఇప్పటికీ అప్పుడప్పుడు కనబడతాయి. మీ ఇంట్లో పాత పెట్టెలు కూడా వెతకండి.

ఆ అసైన్‌మెంట్‌కు చివరికి మార్కులు తగ్గించలేదు. అంచున ఒక ప్రశ్న రాసి తిప్పి పంపాను: ‘ఏ ప్రతి?’ రెండు వారాల తర్వాత జవాబు వచ్చింది. విద్యార్థి రెండు ప్రతులనూ పక్కపక్కన చూసి, 2010 ప్రతిలో లేని పద్యాల జాబితాను నిమిషాలతో సహా రాసి పంపాడు.