చంద్రుని మీద నడచిన గడియారం, మళ్ళీ పుట్టిన గడియారం

1971 ఆగస్టు 2వ తేదీన అమెరికా వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రతలం మీద నిలబడి, ఒక చేత సుత్తిని, మరొక చేత డేగ ఈకను పట్టుకొని, రెండింటినీ ఒకేసారి జారవిడిచాడు. గాలి లేని ఆ చోట రెండూ కలిసే నేలను తాకినవి. గెలీలియో చెప్పిన మాటకు అంతకన్న మంచి ప్రయోగశాల మరొకటి దొరకదు. ఈ ముచ్చట మన ఉపాధ్యాయులు తరగతిలో చెబుతూనే ఉంటారు. కాని ఆ వేళ స్కాట్ మణికట్టు మీద ఉన్న గడియారాన్ని గురించి చెప్పేవారు తక్కువ. అది ప్రభుత్వం ఇచ్చిన గడియారం కాదు. ప్రభుత్వం ఇచ్చిన దాని అద్దం ముందునాటి నడకలో ఊడిపోయినది. అప్పుడు చేతికి ఉన్నది అతడు వెంట తీసుకొనిపోయిన బులోవా క్రోనోగ్రాఫు. 2016లో బులోవా సంస్థ ఆ పోలికతోనే ఒక గడియారాన్ని మళ్ళీ తయారుచేసి అమ్మకానికి పెట్టినది. మళ్ళీ వచ్చినదని సంస్థ అంటున్నది. ముఖం వచ్చినది, నిజమే. లోపలి గుండెకాయ సంగతి ఏమిటి?

ఇది తేలాలంటే ముందు క్రోనోగ్రాఫు అంటే ఏమిటో తెలియాలి. గ్రీకు భాషలో ఆ మాటకు 'కాలాన్ని వ్రాసేది' అని అర్థం. పేరు ఊరకనే రాలేదు. 1821లో పారిసు గుర్రపు పందాలకు నికొలా రియుసెక్ వాడిన యంత్రం, గుర్రం గమ్యం దాటిన క్షణాన తిరిగే ఫలకం మీద నిజంగానే సిరాచుక్క పెట్టేది. అంతకు ముందే, 1816లో, లూయీ మ్వానే అనే గడియారాల పనివాడు నక్షత్రాలను పరిశీలించడానికి సెకనులో 60వ భాగాన్ని కొలిచే సాధనాన్ని చేసుకొన్నాడు. కనుక ఈ విద్యను మొదట అడిగినది ఖగోళ శాస్త్రం. పందెగాళ్ళు తరువాత వచ్చారు.

మన ప్రయోగశాలలో ఉండే విరామ గడియారాన్నీ మామూలు గడియారాన్నీ ఒకే పెట్టెలో కూర్చితే క్రోనోగ్రాఫు అవుతుంది. మామూలు ముళ్ళు తమ దారిన తాము నడుస్తూ ఉంటాయి. పక్కన ఉన్న మీట నొక్కితే ఒక పళ్ళచక్రం కదలివచ్చి నడిచే చక్రాన్ని పట్టుకొంటుంది. అప్పుడు మధ్యనున్న సన్నని సెకన్ల ముల్లు బయలుదేరుతుంది. మళ్ళీ నొక్కితే ఆగుతుంది. మూడవ పని అన్నిటికంటె చిత్రమైనది: ఇంకొక మీట నొక్కితే ముల్లు ఎక్కడ ఉన్నా టక్కున సున్నాకు వచ్చి నిలుస్తుంది. దీనికి అడాల్ఫ్ నికోల్ 1844లో పేటెంటు పొందిన ఉపాయం కారణం. ముల్లు ఇరుసుకు హృదయాకారంలో ఉన్న చిన్న లోహపు బిళ్ళ ఉంటుంది. ఒక సుత్తివంటి మీట దాని మీద పడగానే, బిళ్ళ ఏ స్థితిలో ఉన్నా, గిన్నె అంచున విడిచిన గోలీ అడుగుకు జారినట్లు, తిరిగి తన పల్లంలోకే చేరుతుంది. ఆ పల్లమే సున్నా. ఒక ఆకారం లెక్క చేసిపెట్టిన పని ఇది! రేఖాగణితం చెప్పే ఉపాధ్యాయులు ఆ బిళ్ళను అట్టముక్కతో కత్తిరించి చూపవచ్చు.

ఇక రోదసి కథ. 1957లో ఒమేగా సంస్థ స్పీడ్‌మాస్టర్ అనే క్రోనోగ్రాఫును మోటారు పందాల కోసం విడుదల చేసింది. దాని అంచున వేగాన్ని చెప్పే అంకెల వరుస ఉన్నది. కారు ఒక కిలోమీటరును 30 సెకన్లలో దాటితే ముల్లు 120 దగ్గర ఆగుతుంది. గంటకు 120 కిలోమీటర్లని తెలుస్తుంది. చంద్రుని మీద కిలోమీటరు రాళ్ళు లేవు కదా; అయినా ఆ అంకెలు అక్కడికీ ప్రయాణం చేసినవి! 1962 అక్టోబరు 3న వాలీ షిర్రా సొంతంగా కొనుక్కొన్న స్పీడ్‌మాస్టరును మెర్క్యురీ నౌకలో వెంట తీసుకొనిపోయాడు.

1964లో నాసా సంస్థ ఇంజనీరు జేమ్స్ రేగన్ గడియారాల సంస్థలకు లేఖలు వ్రాసి మచ్చులు తెప్పించాడు. అధికారులు మారుపేరున దుకాణంలో కొన్నారని ఒక కథ ప్రచారంలో ఉన్నది, అది కథే. నాలుగు సంస్థలు బదులిచ్చినవి. వాటిలో ఒకటి జేబు గడియారం పంపి పోటీ నుండి తొలగిపోయింది. మిగిలిన మూడింటికీ జరిగిన పరీక్షలు చదివితే జాలి కలుగుతుంది. 71 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 48 గంటలు, ఆ వెంటనే 93 డిగ్రీలలో అరగంట. పిమ్మట సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో 4 గంటలు. 95 శాతం ఆర్ద్రతలో 240 గంటలు. భూమ్యాకర్షణకు 40 రెట్ల తాకిడులు ఆరు దిక్కులనుండి. చెవులు పగిలే 130 డెసిబెల్‌ల ధ్వనిలో అరగంట. ఒక గడియారం సెకన్ల ముల్లు వేడికి వంగి తక్కిన ముళ్ళకు తగులుకొన్నది. ఇంకొకదాని అద్దం వంగి ఊడింది. నిలిచినది స్పీడ్‌మాస్టర్ ఒక్కటే. అదైనా చెక్కుచెదరక నిలిచినదని కాదు. ఒక పరీక్షలో 21 నిమిషాలు ముందుకు పోయింది, మరొకదానిలో 15 నిమిషాలు వెనుకబడింది. చీకటిలో వెలిగే పూత చెడింది. అయినా ఆగలేదు. నాసా కోరినది నిమిషాల లెక్క కాదు, ప్రాణం. 1965 మార్చి 1న దానికి అనుమతి దొరికింది. జూన్ 3న ఎడ్వర్డ్ వైట్ నౌక బయటికి వచ్చి శూన్యంలో తేలినప్పుడు అది అతని చేతికి ఉన్నది. 1970 ఏప్రిలులో అపోలో 13 నౌక కరెంటు లేక చలిలో తిరిగి వస్తున్నప్పుడు, దారి సవరించడానికి ఇంజనును 14 సెకన్లు మండించవలసి వచ్చింది. ఆ 14 సెకన్లను జాక్ స్విగర్ట్ తన చేతి గడియారంతో కొలిచాడు.

విద్యార్థులు ఇక్కడ ఒక సందేహం అడుగుతారు: బరువే లేని చోట గడియారం ఎట్లా నడుస్తుంది? లోలకపు గడియారమైతే నడవదు. లోలకాన్ని వెనుకకు లాగేది గురుత్వం. అది తెలియని చోట లోలకం ఊగడం మానుతుంది. చంద్రుని మీద ఊగుతుంది గాని మందకొడిగా. అక్కడి గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 1.62 మీటర్లు కనుక, మన గోడ గడియారం అక్కడ గంటసేపట్లో సుమారు 24 నిమిషాలే నడుస్తుంది. చేతి గడియారంలో ఊగేది బ్యాలెన్సు చక్రం; దానిని వెనుకకు తెచ్చేది వెంట్రుకవంటి సన్నని స్ప్రింగు. స్ప్రింగుకు భూమితో పనిలేదు. 1675లో హైగెన్స్ ఈ ఏర్పాటు చేసినప్పుడు సముద్ర నావికులను తలచి ఉంటాడేగాని చంద్ర నావికులను కాదు!

తిరిగి స్కాట్ దగ్గరకు వస్తాం. నౌక బయట మూడు విడతల నడకలు జరిగినవి. రెండవది 7 గంటలు దాటినది. అది ముగించి లోనికి వచ్చి చూసుకొంటే ఒమేగా అద్దం లేదు. ఆ అద్దం ప్లాస్టిక్ జాతిది. గాజు పగిలితే ముక్కలు గాలిలో తేలి కంట్లో పడతాయని దానిని ఎంచుకొన్నారు. ప్రాణవాయువు, చల్లబరిచే నీరు ఎంతసేపు వస్తాయో లెక్క చూసుకొంటూ నడిచేవానికి గడియారం లేకపోతే కుదరదు. అందుచేత మూడవ నడకకు, పరీక్షించి చూడమని బులోవా వారు ఇచ్చిన గడియారాన్ని కట్టుకొన్నాడు. సుత్తి, ఈకల ప్రయోగం ఆ నడక చివరలోనిదే. సుమారు 1.6 మీటర్ల ఎత్తు నుండి పడడానికి అక్కడ 1.4 సెకన్లు, మన దగ్గర 0.57 సెకను పడుతుంది. ఆ కాలపు క్రోనోగ్రాఫుల్లో చాలావాటి బ్యాలెన్సు చక్రం సెకనుకు 5 సార్లు కొడుతుంది. అంటే ముల్లు 7 అంగలు వేసే లోపల సుత్తి నేల చేరుతుంది. పాపం, స్కాట్ రెండు చేతులూ నిండుగా ఉన్నవి కనుక మీట నొక్కే వీలు లేదు.

ఒమేగాలు ప్రభుత్వ ఆస్తి. వాటిని తిరిగి అప్పగించారు. బులోవా స్కాట్ సొంతం. 2015 అక్టోబరులో అది వేలంలో 16 లక్షల 25 వేల డాలర్లకు పోయింది. తరువాతి సంవత్సరమే దాని ప్రతిరూపం బజారుకు వచ్చింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసుకొనే పని పాఠకులకే వదులుతున్నాను.

నిరుడు పరీక్ష పత్రాలు దిద్దిన డబ్బుతో నేనూ ఒకటి కొన్నాను. నల్లని డయలు, తెల్లని ముళ్ళు, తెడ్డువంటి వెడల్పాటి మీటలు. రోదసీ కవచపు లావాటి చేతొడుగుతో నొక్కడానికి ఏర్పడిన ఆ వెడల్పు ఇప్పుడు నల్లబల్ల దగ్గర సుద్దముక్క పట్టిన వేళ్ళకూ బాగానే ఉన్నది. పెట్టె అడ్డంగా 45 మిల్లీమీటర్లు. నా సన్నని మణికట్టు మీద పళ్ళెం పెట్టినట్లుంటుంది. మా సహాధ్యాపకుడొకరు "గోడమీదిది దించి కట్టుకొచ్చారా మాస్టారూ?" అని అడిగారు. చొక్కా చేతి గుండీ పెట్టుకోవడం మానేశాను.

లోపల మాత్రం అన్నీ మారినవి. స్కాట్ గడియారానికి కీ ఇవ్వాలి. దీనికి బ్యాటరీ వెయ్యాలి. బ్యాలెన్సు చక్రం బదులు క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 2,62,144 సార్లు కంపిస్తుంది. ఆ అంకె వింతగా కనిపిస్తుంది గాని, అది 2ను 18 సార్లు హెచ్చవేయగా వచ్చినది. ఎలక్ట్రానిక్ వలయం దానిని 18 సార్లు సగం చేస్తే సరిగా సెకనుకు ఒకటి మిగులుతుంది. మామూలు క్వార్ట్జ్ గడియారంలో 32,768, అనగా 2 యొక్క 15వ ఘాతం. ఇది దానికి 8 రెట్లు. కీ ఇచ్చే గడియారం రోజుకు కొన్ని సెకన్లు తప్పుతుంది. ఇది సంవత్సరానికి కొన్ని సెకన్లు. అట్లా చూస్తే బిడ్డ తండ్రిని మించినది. కాని మరొక వైపు చూడండి. దీని క్రోనోగ్రాఫు గంటకు మించి కొలవదు. స్కాట్ మూడవ నడక 4 గంటల 49 నిమిషాలు సాగింది. అద్దం నీలమణి జాతిది. గీతలు పడవు, కాని గట్టిగా తగిలితే ముక్కలవుతుంది. చంద్రునికి పంపవలసి వస్తే ఈ రెండు కారణాలకే ఇది వెనుకకు వచ్చేది.

దీనితో మా కళాశాలలో లఘు లోలకం ప్రయోగం చేయించాను. మీటరు పొడవున్న లోలకం 20 డోలనాలు చేయడానికి 40 సెకన్లకు కాస్త పైన పడుతుంది. ఒకే లోలకాన్ని ఆరుగురు విద్యార్థులు కొలిస్తే ఫలితాల మధ్య పావు సెకను దాకా తేడా వచ్చింది. గడియారం సంవత్సరానికి సెకన్లే తప్పినా, మన కన్ను చూసి వేలు నొక్కే లోపల సెకనులో ఐదవ భాగం జారిపోతుంది. ఆ తేడా వల్ల గురుత్వ త్వరణం విలువలో నూటికి ఒకటి తప్పు వస్తుంది. 2,62,144 కంపనాలు దానిని సవరించలేవు. 20కి బదులు 50 డోలనాలు లెక్కించడమే సవరణ. పాత విరామ గడియారంతోనూ అదే చెప్పేవాళ్ళం.

గుండెకాయను కూడా తిరిగి పుట్టించినవారు లేకపోలేదు. ఒమేగా వారు 1968 నుండి తమ యంత్రాన్ని మార్చివేసి, చంద్రుని చేరిన 321 అనే పాత యంత్రాన్ని క్రమంగా మానుకొన్నారు. 2019లో దానిని మళ్ళీ తయారుచేయబోతున్నామని ప్రకటించారు. పాత పటాలతో తృప్తిపడక, 1972లో అపోలో 17లో యూజీన్ సెర్నన్ చేతికి ఉన్న గడియారాన్నే తెరవకుండా, ఆసుపత్రిలో తలను స్కాను చేసే పద్ధతిలో లోపలి భాగాలను చిత్రించుకొన్నారు. కోటబురుజు వంటి స్తంభచక్రం, సెకనుకు 5 దెబ్బలు, అన్నీ మొదటి లాగానే. ఒక్కొక్క యంత్రాన్ని ఒకే పనివాడు మొదటినుండి చివరిదాకా కూర్చుతాడు. ధర మాత్రం అధ్యాపకుల ఊహకు కూడా అందదు. చరిత్రకారుని దృష్టిలో ఇదే అసలైన పునర్జన్మ. అయినా రోజుకు కొన్ని సెకన్ల తప్పును కూడా యథాతథంగా కొనుక్కోవలసి ఉంటుంది.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటున్నది. బులోవా 2008 నుండి జపానులోని సిటిజెన్ సంస్థ చేతిలో ఉన్నది. 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారం పెట్టడానికి సాయపడినదీ ఆ సిటిజెన్ వారే. మా నాన్నగారి హెచ్.ఎం.టి. జనతా ఇంకా కీ ఇస్తే నడుస్తుంది. గడియారంలోపల ఏముంటుందో అని పిల్లలు అడిగితే నేను తెరిచి చూపేది దానినే. కొత్తదాని వెనుక మూత తీస్తే బ్యాటరీ, ఒక పలక తప్ప కదిలేది ఏదీ కనబడదు. జనతాలో బ్యాలెన్సు చక్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటే, వెనుక బెంచీలవాళ్ళు కూడా లేచి వచ్చి బల్లచుట్టూ మూగుతారు.