సేద్యము నేర్చిన సేన

సేద్యము తరతరాలుగా అబ్బవలసిన విద్య యనియు, పట్టణములలో పెరిగినవారికి, అందును స్త్రీలకు, అది పట్టుపడదనియు చాలమంది తలంచుచుందురు. ఈ అభిప్రాయము ఎంతవరకు నిజమో ఇరువదవ శతాబ్దిలో బ్రిటన్ దేశము రెండు పర్యాయములు పరీక్షించి చూడవలసి వచ్చెను.

మొదటి ప్రపంచ యుద్ధములో జర్మనీ జలాంతర్గాములు ధాన్యపు ఓడలను ముంచుచుండెను. పొలములలోని మగవారెందరో సైన్యమునకు తరలిపోయిరి. అందుచేత 1917లో ప్రభుత్వము ‘విమెన్స్ ల్యాండ్ ఆర్మీ’ని, అనగా మహిళా వ్యవసాయ సేనను నెలకొల్పెను. యుద్ధము ముగిసిన పిదప 1919లో దానిని రద్దుచేసిరి.

రెండవ యుద్ధము రానున్నదని తోచగనే, 1939 జూన్ మాసములో ఆ సేనను తిరిగి ఏర్పరచి, లేడీ డెన్మన్‌ను దానికి అధిపతిగా నియమించిరి. ఆనాడు బ్రిటన్ తన ఆహారములో సుమారు మూడింట రెండు వంతులు విదేశములనుండి తెప్పించుకొనుచుండెను. సేనలో చేరినవారిలో దాదాపు మూడవ వంతు లండన్ నుండియు, ఉత్తర ప్రాంతపు పారిశ్రామిక నగరముల నుండియు వచ్చినవారు.

వీరికి లభించినది కొన్ని వారముల శిక్షణ మాత్రమే. పాలు పితుకుట నేర్పుటకు కొన్ని శిక్షణ కేంద్రములలో మొదట కృత్రిమ పొదుగులను ఉపయోగించిరి. చన్ను మొదలును బొటనవ్రేలితోను, చూపుడువ్రేలితోను బిగించి, మిగిలిన వ్రేళ్లను వరుసగా ముడిచినచో పాలు పొదుగులోనికి మరలక ధారగా క్రిందికి దిగును. ఇది చేతికి వచ్చినను చాలదు. బెదరిన ఆవు చేపదు. చేపునకు కావలసిన ఆక్సిటోసిన్ అను హార్మోను పనిని, భయమువలన రక్తములో చేరు ఎడ్రినలిన్ అడ్డగించుటయే దీనికి కారణము. కావున నెమ్మదిగా మెలగుట కూడ విద్యలో భాగమయ్యెను.

యుద్ధకాలములో సుమారు 60 లక్షల ఎకరముల పచ్చిక బయళ్లను దున్ని పైరు వేసిరి. ఏండ్ల తరబడి పచ్చిక యున్న నేలలో సేంద్రియ పదార్థము పేరుకొని యుండును. దున్నగా అది సూక్ష్మజీవులవలన కుళ్లి, పైరునకు నత్రజనిని అందించును. అయితే ఆ నేలలోనే దాగియున్న వైర్‌వర్మ్ అను పురుగు లేత మొలకలను కొరికివేయును. క్రొత్త మడిలో లాభముతోపాటు ప్రమాదమును ఉండును.

1943 నాటికి సేనలో 80,000 మందికి పైగా ఉండిరి. వారు ట్రాక్టర్లు నడపిరి, పంటలు కోసిరి. వెయ్యిమందికి పైగా ఎలుకల నిర్మూలనలో పనిచేసిరి. ప్రారంభములో వారి కనీస వేతనము వారమునకు 28 షిల్లింగులు. అందులో సగము బసకు, భోజనమునకే పోయెడిది. అదే పొలములో పనిచేయు మగవారి వేతనము అంతకంటె హెచ్చు.

పని ముగియవచ్చిన కాలమున, ఇతర యుద్ధసేవలలోని స్త్రీలకు కల్పించిన సహాయములను ప్రభుత్వము వీరికి నిరాకరించెను. దీనికి నిరసనగా లేడీ డెన్మన్ 1945లో పదవిని త్యజించెను. 1950లో సేన రద్దయ్యెను. జీవించియున్న సభ్యులకు ప్రభుత్వము గుర్తింపు చిహ్నము నిచ్చినది 2008లో. అప్పటికి 58 ఏండ్లు గడచిపోయినవి.

సేద్యము నేర్చుకొనదగిన విద్య యని వారి పంటలే ఋజువు చేసినవి. వారికి నేర్చుకొనుటకు పట్టినది వారములు. ఆ సంగతిని ఒప్పుకొనుటకు దేశమునకు పట్టినది అర్ధ శతాబ్దికి మించిన కాలము.