పెరటి కూరగాయల తోట

ఇంటి ఆవరణలో సొంత వాడకానికి కూరగాయలు, ఆకుకూరలు పండించే సాగు. తెలుగు ప్రాంతాల్లో ఇది మూడు కాలాల్లో సాగుతుంది.

వానాకాలం: జూన్, జూలైలలో బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర విత్తుతారు. తీగలకు పాదు తీసి పందిరి వేస్తారు. ఇప్పుడే పెట్టే నాటు పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గాకే పూతకొచ్చి, సంక్రాంతి నాటికి విరగకాస్తుంది.

శీతాకాలం: అక్టోబరు, నవంబరులలో టమాటా, క్యాబేజీ నారు నాటి, ముల్లంగి, పాలకూర విత్తుతారు. కొత్తిమీరకు ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లుతారు.

వేసవి: జనవరి, ఫిబ్రవరిలలో దోస, బెండ, తోటకూర వేస్తారు. మొదళ్ల చుట్టూ ఎండాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

యాజమాన్యం: పేనుబంకకు 5 శాతం వేపగింజల కషాయం పిచికారీ చేస్తారు. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబానివి. వరుసగా ఒకే మడిలో వేస్తే నేలలోని తెగుళ్లు మళ్లీ సోకుతాయి.